కెటిల్ మీద మూడు స్టిక్కర్లు

ఆ మంగళవారం మల్లేశ్ అనుకున్నది చాలా చిన్న పని. బ్రిటన్ వాళ్లు కొన్న రెండు వేల కరెంటు కెటిళ్లను మధ్యాహ్నానికల్లా కంటైనర్‌లోకి ఎక్కించి, సెలవు కాగితం మీద మేనేజర్ సంతకం తీసుకుని, గురువారం విమానం ఎక్కడం. ఆదివారం కొండగట్టులో కూతురి పుట్టువెంట్రుకలు. పిల్ల పుట్టి పదకొండు నెలలైనా అతను ఇంకా ఎత్తుకోలేదు.

అంతలో మేనేజర్ వీరరాఘవరావు ఫోన్‌లో వార్తలు చదువుకుంటూ దుబాయ్ జెబెల్ అలీ రేవులోని గోదాములోకి వచ్చాడు. బ్రిటన్ యూరప్ కూటమిని వదిలి మూడేళ్లయిందట, సరుకు భద్రతకు సొంత ముద్ర పెట్టుకుందట. కాబట్టి కెటిళ్ల అడుగున ఉన్న యూరప్ స్టిక్కర్లు పీకి బ్రిటన్‌వి అంటించాలన్నాడు. కొన్నవాళ్లను అడిగారా అని మల్లేశ్ అంటే, పేపరు చదివేవాడికి ఆ అవసరం లేదన్నాడు.

"గుంపులోంచి బయటికొచ్చేశారయ్యా. ఇంక ఆ రూల్సూ ఉండవు, ఆ ఖర్చూ ఉండదు."

మల్లేశ్‌కు ఒళ్లు మండింది. గుంపులోంచి బయటికి రావడమంటే ఏమిటో అతనికి తెలుసు. కూలీలుండే క్యాంపులో హన్మాండ్లు నడిపే మెస్సులో శనివారం కోడి వండరు. ఆ రూలు గిట్టక నాలుగు నెలల కిందట మెస్సు వదిలేశాడు. అప్పటినుంచి గ్యాసు తనదే, కుక్కరు తనదే, డ్యూటీ దిగాక ఉల్లిపాయలు తరిగే ఖర్మా తనదే. వంటగది మాత్రం అందరిదీ కాబట్టి శనివారం కోడి ఇప్పటికీ లేదు. రూల్సు మాట్లాడుకునేటప్పుడు అతన్ని పిలవడం మాత్రం మానేశారు.

పాత కంపెనీలో ఒకసారి దెబ్బతిన్నవాడు కనుక, ఏ పని చెప్పినా మల్లేశ్ చిన్న కాగితం మీద రాసి సంతకం అడుగుతాడు. దీనికీ అడిగితే రావుగారు నవ్వుతూ పెట్టాడు.

స్టిక్కర్లు ఊడాయి, జిగురు ఊడలేదు. థిన్నర్ పెట్టి తుడిస్తే జిగురుతోపాటు కెటిల్ మీద అచ్చువేసిన వోల్టేజీ వివరాలూ పోయాయి. వాటికోసం ఇంకో స్టిక్కరు కొట్టించారు. బుధవారం కొన్నవాళ్ల మెయిల్ వచ్చింది. సగం సరుకు ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌కు పోతుందట, అక్కడ ఇప్పటికీ యూరప్ ముద్రే కావాలట. ఏ పెట్టె ఎక్కడికో ఎవరికీ తెలియదు. అయితే అన్నిటికీ రెండు ముద్రలూ అంటించమన్నాడు రావుగారు. పీకినవేమో చెత్తబండిలో పోయాయి. మల్లేశ్ అరచేతులు థిన్నర్‌కు పొట్టు లేచాయి.

"ఒక్కటుండె సార్. మూడాయె. గిదేనా ఖర్చు తగ్గుడు?"

రావుగారు పని చూడమన్నాడు.

గురువారం పొద్దున కొన్నవాళ్లే ఫోన్ చేశారు. యూరప్ ముద్ర తమకూ చెల్లుతుందని బ్రిటన్ ప్రభుత్వమే ప్రకటించింది, మొదట ఉన్న ఆ ఒక్క స్టిక్కరే రెండుచోట్లా సరిపోయేది, దాన్ని పీకమన్నది ఎవరు అని నిలదీశారు. మొదట ఎలా ఉన్నాయో అలాగే చేసి పంపమన్నారు. గోదాము మనుషులు తొందరపడ్డారని రావుగారు తడుముకోకుండా చెప్పాడు. ఫోన్ పెట్టేసి, అంతా సరయ్యేదాకా మల్లేశ్ సెలవు ఖలాస్ అన్నాడు.

మల్లేశ్ అరవలేదు. జేబులోంచి రెండు కాగితాలు తీసి బల్లమీద పక్కపక్కన పెట్టాడు. ఒకటి సెలవుది, ఒకటి స్టిక్కర్లు పీకమని రాసిన మంగళవారంది.

"నా బిడ్డ పుట్టెంటికలు సార్. దీనిమీద సంతకం పెడ్తరా, గాదాన్ని ఆళ్లకు పంపాల్నా?"

రావుగారు తన సంతకాన్ని తానే రెండుసార్లు చదువుకున్నాడు. మూడోసారి సెలవు కాగితం మీద పెట్టాడు. మధ్యాహ్నానికి టై భుజం మీదికి వేసుకుని, నేలమీద మఠం వేసుకుని, థిన్నర్ గుడ్డతో కెటిళ్లు తుడుస్తూ కనిపించాడు.

మల్లేశ్ క్యాంపుకు వెళ్లి అట్టపెట్టెకు తాడు బిగించాడు. తర్వాత హన్మాండ్లు దగ్గరికి పోయి, తిరిగొచ్చిన రోజునుంచి తన పేరు మెస్సులో రాయాలనీ, శనివారం కోడి గురించి మాట్లాడేటప్పుడు తననూ పిలవాలనీ చెప్పాడు. హన్మాండ్లు సరేనన్నాడు.

మల్లేశ్ ఆ మాట కూడా కాగితం మీద పెట్టి, సంతకం తీసుకున్నాకే విమానం ఎక్కాడు.