మహమ్మారి అంటని గుమాస్తా

ప్రతి ఇంట్లోనూ ఒక మహమ్మారి ఉండాలి. మా ఇంట్లో ఉంది. హాయిగా ఉంది!

కంగారుపడి ముక్కుకు గుడ్డ కట్టుకోకండి. మా ఇంటి మహమ్మారి కంప్యూటర్లో ఉంటుంది. కాలేజీ ఆఖరి సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి దాన్ని స్వహస్తాలతో పుట్టించి, పెంచి, ఓ ఊరి మీదికి వదిలింది. కన్నతండ్రిగా నేను గర్వపడాలా, పోలీసులకు చెప్పాలా? బాగా ఆలోచించి, గర్వపడదామనే నిర్ణయానికి వచ్చాను.

సంగతేమిటంటే, తను ఒక ఆట ఆడుతుంది. అందులో ఒక కోట, కోట చుట్టూ ఊరు, ఊళ్లో మూడువందల పన్నెండుమంది జనం. ఆడేవాళ్లు కత్తి పట్టుకున్న ఒక పాత్రగా ఊరంతా తిరుగుతారు. మిగతా జనాన్ని కంప్యూటరే నడిపిస్తుంది. ఆ ఆటలో లేనిదాన్ని మనం సొంతంగా రాసి ఎక్కిస్తే దాన్ని మాడ్ అంటారట. పక్కింటివాళ్ల పిల్లలు కొత్త గుర్రాన్నో, మెరిసే కిరీటాన్నో ఎక్కించుకుంటారు. మా పిల్ల అంటురోగాన్ని ఎక్కించింది.

దానివల్ల ఆ ఊరికి ఎంత మేలు జరిగిందో చెబితే మీరు నమ్మరు!

ఆ ఊరి కమ్మరి ఆరేళ్లుగా ఒకే ఇనుపముక్కను కొడుతున్నాడు. అది వంగదు, వాడు ఆపడు. జ్వరం తగలగానే మొదటిసారి సుత్తి కింద పెట్టి అరుగు మీద కూర్చున్నాడు. ఏ యూనియన్ ఇప్పించింది వాడికి ఆ సెలవు? "మంచి కవచం ఉంది, చూస్తారా?" అన్న ఒక్క ముక్క తప్ప మరో మాట రాని దుకాణందారు ఇప్పుడు "ఒంట్లో ఎలా ఉంది?" అని అడుగుతోంది. బావి దగ్గర రోజూ సరిగ్గా పదింటికి కొట్టుకునే ఇద్దరు మగాళ్లు ఒకరి కంటికొకరు కనబడ్డం మానేశారు. రాజుగారైతే తలుపుకు గడియ పెట్టుకుని కిటికీలోంచి పరిపాలిస్తున్నారు. పరిపాలనలో ఏ తేడా రాలేదు!

బూట్లు కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ తొడుక్కుంటే రోగం రాదని మా అమ్మాయి ఓ పుకారు కూడా రాసి వదిలింది. తెల్లారేసరికి ఊరు ఊరంతా కుంటుతోంది. అంత ఐకమత్యం మా అపార్ట్‌మెంట్ మీటింగులో నేనెప్పుడైనా చూశానా?

ఇంతకీ రోగం అంటుకునే పద్ధతి చాలా సులువు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ మూడు సెకన్లు మాట్లాడుకోవాలి. దగ్గూ, తుమ్మూ, గాలీ అవన్నీ కోడ్‌లో రాయడం పెద్ద తలనొప్పట. ముఖాలు ఎదురుపడ్డాయో లేదో కనిపెట్టడం తేలికట.

నాకు ఆశ పుట్టింది.

"నన్ను కూడా అందులో పెట్టమ్మా," అన్నాను.

"నువ్వెందుకు నాన్నా?"

"కూతురు అంత ఊరిని గడగడలాడిస్తుంటే, తండ్రికి ఓ మూల చోటుండదా?"

పెట్టింది. నేను ఇరవై ఆరేళ్లుగా రైల్వే స్టేషన్లో విచారణ కౌంటర్ గుమాస్తాని. ఆ ఊళ్లో రైళ్లు లేవు కాబట్టి గుర్రబ్బండ్లు ఆగేచోట రెండు కిటికీలు కట్టి, మొదటిదాని వెనక నన్ను కూర్చోబెట్టింది. అదే బట్టతల, అదే చేతుల్లేని స్వెట్టరు. నా నోట పలికించడానికి మూడు వాక్యాలు ఇచ్చింది. "బోర్డు మీద ఉంది చూసుకోండి." "రెండో కౌంటర్లో అడగండి." "తర్వాత ఎవరు?"

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసి, "ఏమండీ, అచ్చుగుద్దినట్టు మీరే! పెళ్లిఫొటోలో కూడా ఇంత బాగా పడలేదు," అంది.

ఇక చూడండి మహమ్మారి విజృంభణ! అందరి ముఖాలూ చూసి ఓదార్చే వైద్యుడు మొదట పోయాడు. తర్వాత దుకాణందారు, కమ్మరి, కిటికీలోంచి తొంగి చూసిన పాపానికి రాజుగారు. ఆట లెక్కలో పంతొమ్మిది రోజులు తిరిగేసరికి ఊరి పటమంతా ఎర్రచుక్కలు. మధ్యలో ఒకే ఒక్క పచ్చచుక్క, నిక్షేపంగా! అది నేనే!

"చూశావా! రోజూ పొద్దున్నే నడిస్తే ఎలా ఉంటుందో!" అని ఛాతీ విరుచుకున్నాను.

మా అమ్మాయి తల గోక్కుంది. తన కోడ్‌లోనే ఏదో తప్పుందనుకుని రెండు రోజులు దాన్ని ముందునుంచి వెనక్కీ, వెనకనుంచి ముందుకీ వెతికింది. మూడోరోజు నన్ను పిలిచింది.

"తప్పేం లేదు నాన్నా. ఊరంతా నీ కిటికీ దగ్గరికి వచ్చింది. మూడువందల మందికి సమాధానం చెప్పావు. ఒక్కసారీ తలెత్తలేదు. నీకు రోగం రాదు."

"నేనెందుకు తలెత్తలేదు?"

"నువ్వు ఎత్తవు కాబట్టి. స్టేషన్లో చూసే రాశాను."

చూపిస్తానని కుర్చీ లాక్కుంది. అప్పటికే రోగం తగిలిన తన సొంత పాత్రను, కత్తి ఈడ్చుకుంటూ, ఖాళీ వీధుల్లోంచి నా కిటికీ దగ్గరికి నడిపించింది.

"వైద్యుడి ఇంటికి ఎటు వెళ్లాలి?"

"బోర్డు మీద ఉంది చూసుకోండి," అన్నాను నేను, అంటే వాడు.

"నాన్నా, నేను."

"రెండో కౌంటర్లో అడగండి."

రెండో కౌంటర్లోవాడు పోయి నాలుగు రోజులైంది! "తలెత్తరా వెధవా! అది నీ కూతురు!" అని అరిచాను. వాడు ఎత్తలేదు. ఆ పిల్ల కిటికీ ముందే కూలిపోయింది. వాడు తాపీగా, "తర్వాత ఎవరు?" అన్నాడు.

నాకు గుండె కలుక్కుమంది. ఆట అని తెలిసీ కలుక్కుమంది.

"వాడు తలెత్తేట్టు మార్చెయ్యమ్మా. ఎంతసేపు పని?"

"ఒక్క లైను. కానీ అబద్ధం రాయమంటావా?"

"నేనేమన్నా అంత మనసులేనివాణ్ణా?"

"సరే, నేను జుట్టు ఎప్పుడు కత్తిరించుకున్నాను?"

చూద్దును కదా, నడుము దాకా ఉండే జడ భుజాల దగ్గర ఆగిపోయి ఉంది. "నిన్ననా?" అన్నాను. ఇరవై రోజులైందట. ఆ ఇరవై రోజులూ ఒకే బల్ల దగ్గర భోంచేశాం. నేను నిజంగా తలెత్తడం తను చూసిన రోజున మారుస్తానని చెప్పి, వెళ్లి తలుపేసుకుంది.

మర్నాడు డ్యూటీలో తలెత్తాను. పాఠకులారా, అదెంత కష్టమో మీకు తెలియదు! ప్రతి ప్రశ్నకీ ఒక ముఖం ఉంటుంది. పదకొండున్నర బండి గురించి రోజూ అడిగే గొంతుకు రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయి. ఆమెకు బోర్డు కనబడదు. ఎన్నేళ్లుగానో ఆమెను నేను బోర్డు చూసుకోమంటున్నాను. లేచి బయటికి వెళ్లి, చెయ్యి పట్టుకుని ప్లాట్‌ఫాం మీదికి దిగబెట్టి వచ్చాను. ఈలోగా క్యూ స్టేషన్ గేటు దాటిపోయింది.

రెండోరోజు సాయంత్రానికి మా సూపర్‌వైజరు మెమో ఇచ్చాడు. "కౌంటర్‌లోని ఉద్యోగి తమ ముఖంలోకి చూస్తున్నాడని ముగ్గురు ప్రయాణికులు భయపడి ఫిర్యాదు చేశారు. తగు సంజాయిషీ ఇవ్వగలరు." ఇరవై ఆరేళ్లలో నాకు వచ్చిన మొదటి మెమో అది!

మూడోరోజు ఓ పెద్దమనిషి, బండి తప్పిపోయిన కథంతా నా కళ్లలోకి చూస్తూ చెప్పి, కిటికీ కన్నంలోంచి నిండుగా తుమ్మాడు. నాలుగోరోజుకి నాకు ముక్కు కారుతోంది, ఒళ్లు కాలుతోంది. అయినా వెళ్లాను. మధ్యాహ్నం క్యూలో ఎవరో వచ్చి నిలబడితే అలవాటుగా తలెత్తి, "ఎక్కడికమ్మా?" అన్నాను.

మా అమ్మాయి!

ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మూడు సెకన్లు ఎప్పుడో దాటిపోయాయి. వెనకాయన "ఇదేమన్నా మీ ఇల్లా?" అని కసిరాడు. ఆ పూటే తను ఆ ఒక్క లైనూ మార్చింది. ఊళ్లో గుమాస్తా తలెత్తాడు, రోగం తగిలించుకున్నాడు, ఆట లెక్కలో రెండు రోజులకి గౌరవంగా పోయాడు. కోట పక్కన, నీడ పడేచోట సమాధి కట్టించింది.

నేను మాత్రం దుప్పటి కప్పుకుని నూటొకటి జ్వరంతో ఇది రాస్తున్నాను. పక్క గదిలోంచి తుమ్ములు వినబడుతున్నాయి. అవి మా అమ్మాయివి. తనకి జలుబు నానుంచే అంటుకుందని మా ఆవిడ పొద్దుటినుంచీ నన్ను చెడామడా తిడుతోంది.

తిట్టనివ్వండి! ఈ ఇంట్లో ఒకరినుంచి ఒకరికి ఏదైనా అంటుకుని ఎన్నేళ్లయిందని?