కిటికీ రంగు పూసిన బేలర్

ఆ ఆదివారం ఎర్మెతే వేసుకున్న పథకం చాలా సాదాసీదా. ఏడింటికి కాఫీ, ఏడున్నరకు పాత ట్రాక్టరుకు బేలర్ తగిలించడం, ఎనిమిదింటికి కాసెల్‌రోవెరె పాత యంత్రాల ప్రదర్శనలో "చెయ్యి పడనివి" వరుసలో నిలబెట్టడం, సాయంత్రం కప్పు గెలుచుకుని ఇంటికి రావడం. ఆ వరుసకు నిబంధన ఒక్కటే: కొన్ననాటి రంగు మీద మళ్లీ బ్రష్షు తగలకూడదు. తుప్పు ఎంత ఉంటే అంత గౌరవం. గడ్డి కట్టలు కట్టడానికి ఎర్మెతే తండ్రి కొన్న ఆ బేలర్ మీద అరవై ఏడేళ్ల తుప్పు, దుమ్ము, కోళ్ల రెట్టలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. తొమ్మిదేళ్లుగా రెండో స్థానంతో సరిపెట్టుకుంటున్న మనిషి, ఈసారి కప్పు తనదేనని ఊరంతా చెప్పుకు తిరిగాడు.

షెడ్డులో పట్టా తీసి చూశాడు. బేలర్ ఆకుపచ్చగా మెరుస్తోంది. వాళ్లింటి కిటికీ తలుపులది అచ్చం అదే రంగు. ట్రాక్టరు వెనక భాగం కూడా అంతే. ముందుకు వచ్చేసరికి డబ్బా అయిపోయినట్టుంది.

"ఎలా ఉంది?" అంటూ వెనక నుంచి వచ్చింది భార్య ఇవోన్, చేతుల మీద ఆకుపచ్చ మరకలతో. "నిన్న నువ్వు కమిటీ మీటింగుకి వెళ్లినప్పుడు వేశా. నలభై నాలుగేళ్లుగా దీన్ని సవతీ సవతీ అని ఆడిపోసుకున్నాను కదా, ఒక్కసారైనా పెళ్లికూతురిలా ముస్తాబు చేద్దామనిపించింది."

ఎర్మెతే కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంప మునిగిందన్న ఏడుపు అది. కానీ ఆవిడ ముఖం వెలిగిపోతోంది. పెళ్లయ్యాక ఆవిడ ఆ యంత్రాన్ని ప్రేమగా ముట్టుకోవడం ఇదే మొదలు. చేసింది ఎంత ఘోరమో తెలిస్తే తట్టుకోలేదు. కప్పు పోతే పోయింది, ఈ సంగతి మాత్రం ఆవిడ చెవిన పడకూడదని అక్కడికక్కడే ఒట్టు పెట్టుకున్నాడు.

"బంగారంలా ఉందే," అన్నాడు.

ప్రదర్శన మైదానంలో మొదట ఎదురుపడ్డవాడు లెఆర్కో. చిన్ననాటి స్నేహితుడు, మూడేళ్లుగా కప్పు ఎగరేసుకుపోతున్నవాడు. పూర్తిగా ఆరని రంగుకు దారిపొడుగునా అంటుకున్న గడ్డిపరకలు చూసి నోరు వెళ్లబెట్టాడు.

"ఓరి నీ దుంప తెగ! ఎవడ్రా ఈ పాపిష్టి పని..."

"నోర్ముయ్‌రా బాబూ!" ఎర్మెతే అతన్ని పక్కకు లాక్కుపోయాడు. "ఇవోన్ వేసింది. ఒక్క మాట అన్నావంటే దాని గుండె తట్టుకోదు."

"గుండెకేమైంది?"

కాస్త గట్టి కారణం చెబితే తప్ప వీడు నోరు మూసుకోడనిపించింది ఎర్మెతేకు. "బలహీనంగా ఉందిట. డాక్టరు చెప్పాడు. ఎవరితోనూ అనకు."

లెఆర్కో మాట నిలబెట్టుకున్నాడు. భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆవిడేమో ఊరందరికీ తొర్తెల్లి, అంటే గుమ్మడికాయ కూరి ఉడికించిన పిండి బిళ్లలు, వడ్డించే చోట నిలబడి ఉంది. పదిన్నరకు ఇవోన్ గుండె బలహీనం. పదకొండుకు ఆపరేషన్ కూడా కుదరదు. పన్నెండయ్యేసరికి ద్రాక్ష కోతల దాకా బతికితే గొప్ప.

ఇక చూడాలి! ఇవోన్ నిలబడితే మూడు వైపుల నుంచి మూడు కుర్చీలు వచ్చాయి. ఆవిడ పళ్లెంలోకి మాత్రం ఉప్పు లేని తొర్తెల్లి వచ్చింది. యంత్రాలను దీవించడానికి వచ్చిన ఫాదర్ చెలెస్తే ట్రాక్టర్లన్నిటికీ కలిపి ఒకసారి, ఇవోన్‌కు విడిగా మూడుసార్లు తీర్థం చల్లారు. పోయినేడాది ఒక్క కొత్త బోల్టు కోసం ఒక మనిషిని వెళ్లగొట్టిన పెద్ద తీర్పరి అన్సెల్మో, ఆ ఆకుపచ్చ బేలర్ ముందు టోపీ తీసి, "ఎంత... ఎంత శ్రద్ధగా వేశావమ్మా," అని తలవంచుకుని వెళ్లిపోయాడు. ఎర్మెతే ఏం చెయ్యాలో పాలుపోక బేలర్ చుట్టూ తిరిగాడు. నిజం చెబుదామంటే రంగు సంగతి బయటపడుతుంది, అది బయటపడితే ఇవోన్ మనసు విరిగిపోతుంది.

"ధైర్యంగా ఉండు వదినా," అని లెఆర్కో భార్య ఇవోన్‌ను కావలించుకుంది. "ఉన్నన్నాళ్లు ఒకరికొకరు తోడుగా ఉండండి. పాపం, ఎర్మెతే!"

ఇవోన్ తెలివిగల మనిషి. తనకే రోగమూ లేదని తనకు తెలుసు. మరి ఇంతమంది తన చెయ్యి పట్టుకుని, మొగుడి వైపు చూసి కళ్లొత్తుకుంటున్నారంటే ఎర్మెతే పోబోతున్నాడన్నమాట. ఊరందరికీ తెలుసు, కట్టుకున్నదానికి తప్ప! పొద్దున పట్టా తీసినప్పుడు అతని కళ్లలో నీళ్లెందుకు తిరిగాయో ఇప్పుడర్థమైంది.

అతన్ని బేలర్ చాటుకు లాక్కెళ్లింది. "నీ దగ్గర నిజం దాచలేను. రంగు కావాలనే వేశా."

"కావాలనా?"

"చెయ్యి పడనివంటే ఏమిటో నాకు తెలీదా? భోజనం దగ్గర కూడా తొమ్మిదేళ్లుగా అదే గోల! గెలిస్తే ఇంకో ఊరి పోటీ అంటావు, ఆ పైన మరో ఊరు అంటావు. పెళ్లయిన ఏడాది సముద్రం చూపించమన్నాను. గంటన్నర ప్రయాణం! ఎప్పుడడిగినా 'ప్రదర్శన కానీ' అంటావు. ఒళ్లు మండి పాడుచేశా. నీకిలా అయిందని తెలిస్తే బ్రష్షు ముట్టుకునేదాన్నా? నన్ను వదిలిపోకయ్యా!" భోరుమంది.

"నేనెక్కడికి పోతాను?"

"పోతున్నావని ఊరంతా ఏడుస్తోంది కదా!"

"నా కోసం కాదే, నీ కోసం! పోయేది నువ్వు!"

ఉన్నదంతా కక్కేశాడు. ఇవోన్ ఏడుపు టక్కున ఆగింది. ఎవరు ముందు కోప్పడాలో ఇద్దరికీ తేలలేదు. కానీ కోపం కంటే ముందు ఎర్మెతేకు సిగ్గేసింది. గంటన్నర ప్రయాణానికి నలభై నాలుగేళ్లు! ఇంతలో మైకులో అన్సెల్మో గొంతు వినిపించింది.

"చెయ్యి పడనివి వరుసలో ఈ ఏడాది మొదటి బహుమతి... నిబంధనలు కాస్త పక్కన పెట్టి... మన ఇవోన్ రంగేసిన బేలర్‌కు!"

మైదానమంతా లేచి నిలబడింది. అందరికంటే గట్టిగా ఏడుస్తున్నది లెఆర్కో.

"ఇప్పుడేం చేద్దామే?" అని గొణిగాడు ఎర్మెతే.

ఇవోన్ కళ్లు తుడుచుకుని జుట్టు సర్దుకుంది. "చెయ్యి పట్టుకుని మెల్లగా నడిపించు. నాకు ఒంట్లో బాగాలేదు కదా."

రోగికి గాలిమార్పు కావాలని ఊరివాళ్లే మర్నాడు ఇద్దరినీ సముద్రానికి పంపించారు. తిరిగొచ్చినప్పటి నుంచి, పలకరించడానికి వచ్చేవాళ్ల కళ్లెదుట వంటా అంట్లూ ఎర్మెతేవే. డాక్టరు రెండుసార్లు చూసి గుండె భేషుగ్గా ఉందన్నాడు గానీ, ఇవోన్ ఇంకా కోలుకోలేదు.