గోధుమగడ్డి వ్రతం

కరోనా వచ్చిన మొదటి ఏడాది, ఆషాఢమాసంలో ఒక రోజు పొద్దున్నే శ్యాంసుందర్ కత్తెర పట్టుకుని బాల్కనీలోకి వచ్చాడు. ఆ పూట అతను పెట్టుకున్న పని చాలా చిన్నది. వారం రోజులుగా పెంచిన గోధుమగడ్డిని కోయాలి, మిక్సీలో తిప్పాలి, గుడ్డలో వేసి పిండాలి, పరగడుపున తాగాలి. తాగితే ఊపిరితిత్తులు ఇనుములా తయారవుతాయని ఫోనులో ఒక వీడియో చెప్పింది. చెప్పినాయన గడ్డం తెల్లగా ఉంది కాబట్టి శ్యాంసుందర్ నమ్మాడు.

అతను సూరత్ దగ్గర జోల్వాలో ఒక మరమగ్గాల కార్ఖానాలో మాస్టరు. కూలీలు సగం మంది సొంత ఊళ్లకు వెళ్లిపోవడంతో కార్ఖానా రోజు విడిచి రోజు నడుస్తోంది. నడవని రోజున అమ్రోలిలోని అద్దె ఇంట్లో కూర్చుని రోగాల వీడియోలు చూసేవాడు. చూసిన ప్రతి వీడియోకూ ఒకసారి దగ్గేవాడు. చివరికి కార్ఖానాలో నూలు కండెలు పెట్టుకునే ప్లాస్టిక్ ట్రేలు ఏడు తెచ్చి, మట్టి నింపి, గోధుమలు చల్లాడు. లేత గడ్డికి ఎండ తగలకూడదన్నారని భార్య పాత చీర ఒకటి పైన పందిరిలా కట్టాడు. అది ఎర్ర చీర, జరీ అంచు.

“గంత మంచి గోధుమలు మన్నుల పోసినవ్. రొట్టెలు చేస్తే వారం వచ్చు,” అంది గుమ్మంలో నిలబడ్డ స్వరాజ్యం. “పసుల లెక్క గడ్డి తాగుడేందయ్యా?”

“జర ఊకో. గిది మందు,” అని అరిచాడు శ్యాంసుందర్. భార్యతో మాట్లాడేటప్పుడు అతను సాధారణంగా మగ్గాల చప్పుడు మీద వినపడేటట్టే మాట్లాడేవాడు.

నిజానికి ఆ ఇంట్లో దిగులు గడ్డి గురించి కాదు. ఇంటి యజమాని మన్‌సుఖ్‌భాయ్ పక్క వాటాలోనే ఉంటాడు. అపార్టుమెంటు సొసైటీకి చైర్మన్ కూడా ఆయనే. అంతకు కొద్దిరోజుల ముందు వీళ్ల చెత్తబుట్టలో కోడిగుడ్డు పెంకులు కనపడ్డాయి. శుద్ధ శాకాహారుల భవనంలో ఇలాంటివి కుదరవనీ, నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయాలనీ ఆయన చెప్పేశాడు. ఆ రోజుల్లో కొత్త మనిషిని మెట్లు ఎక్కనిచ్చేవాళ్లే లేరు, ఇల్లు ఎవరిస్తారు? శ్యాంసుందర్ వెళ్లి బతిమాలాడు. మన్‌సుఖ్‌భాయ్ తలుపు సందులోంచే తల అడ్డంగా ఊపాడు.

శ్యాంసుందర్ గడ్డి ముందు వంగి కత్తెర తెరిచేసరికి, పక్క బాల్కనీలో తులసికి నీళ్లు పోస్తున్న మన్‌సుఖ్‌భాయ్ భార్య హంసాబెన్ ఇటు చూసింది. ఎర్ర చీర పందిరి చూసింది. కింద పచ్చగా నిగనిగలాడుతున్న మొలకలు చూసింది.

“జవారానా, శ్యాంభాయ్?” అని గుజరాతీలో అడిగింది.

గోధుమగడ్డిని అక్కడివాళ్లు జవారా అనే అంటారు. వీడియోలో తెల్లగడ్డం ఆయన కూడా ఆ మాటే అన్నాడు. మొదటిసారి తన పంటను ఒకరు గుర్తుపట్టినందుకు శ్యాంసుందర్ పొంగిపోయాడు. “హా బెన్, జవారాయే!”

“ఎవరి కోసం?”

తన కోసమే అని చెప్పేవాడే. కానీ గుమ్మంలో స్వరాజ్యం నడుం మీద చేతులు పెట్టుకుని ఉంది. “మా ఇంటామె కోసం,” అన్నాడు.

హంసాబెన్ ఒక్క క్షణం అతన్ని తేరిపార చూసింది. తర్వాత చెంబు కింద పెట్టి, రెండు చేతులూ జోడించి, గబగబా లోపలికి వెళ్లిపోయింది. శ్యాంసుందర్‌కు ఏదో తేడాగా తోచి కత్తెర జేబులో పెట్టుకున్నాడు.

కాసేపటికి కాలేజీ చదివే కూతురు హారతి ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. సొసైటీ వాట్సాప్ గ్రూపులో గడ్డి ఫొటో వచ్చింది. కింద హంసాబెన్ రాసింది: ‘బయటి రాష్ట్రంవాడైనా మన శ్యాంభాయ్ భార్య ఆయుష్షు కోసం గౌరీవ్రతం పట్టాడు. మన మగవాళ్లలో ఎవరైనా ఉన్నారా ఇలాంటివాళ్లు?’ దాని కింద దండాలు, పూలు, కన్నీళ్ల బొమ్మలు వరసకట్టాయి.

“గౌరీవ్రతమేందే?” అన్నాడు శ్యాంసుందర్.

“పప్పా, ఇక్కడ ఆడపిల్లలు మంచి మొగుడు రావాలని చేస్తరు. ఇట్లనే జవారా మొలిపిచ్చి పూజ చేస్తరు. రేపటి నుంచే షురూ. అయిదు రోజులు ఉప్పు బంద్. మొగోడివయ్యి మమ్మీ కోసం చేస్తున్నవని అందరూ సెల్యూట్ కొడుతున్నరు. ఏక్‌దమ్ వైరల్!”

“ఉప్పు బందా? ఇప్పుడే పోయి చెప్త, అది ఉట్టి గడ్డి అని!”

అంటూ వెళ్లి తలుపు తీశాడు. ఎదురుగా మన్‌సుఖ్‌భాయ్ నిలబడి ఉన్నాడు. మాస్కు గడ్డం కిందికి ఉంది, చేతిలో కొబ్బరికాయ ఉంది.

“శ్యాంభాయ్, వ్రతం పట్టిన ఇంటిని ఖాళీ చేయమంటే ఆ పాపం నాకు చుట్టుకుంటుంది,” అన్నాడు ఆయన హిందీలో. “నెలాఖరు మాట ఇప్పుడు వద్దు. వ్రతం సాంగంగా కానివ్వు, తర్వాత చూద్దాం.” లోపలికి వచ్చి గడ్డికి దండం పెట్టి, ఏడు ట్రేల ముందూ మోకాళ్ల మీద వంగలేక వంగి, కొబ్బరికాయ అక్కడ పెట్టి వెళ్లాడు.

శ్యాంసుందర్ తలుపు మూసి భార్య వైపు తిరిగాడు.

“నువ్వేమో ఉట్టి గడ్డి అని చెప్తనంటివి?” అంది స్వరాజ్యం.

“అయిదు దినాలే గదా,” అన్నాడు అతను నీరసంగా.

ఆ సాయంత్రం హంసాబెన్ స్వయంగా వచ్చి నియమాలు చెప్పింది. గడ్డికి ఇనుము తగలకూడదు. వ్రతం పట్టినవాళ్లు ఉప్పు ముట్టకూడదు. కోపం తెచ్చుకోకూడదు. ఇంట్లో అమ్మవారు ఉంటుంది కాబట్టి గొంతు పెంచకూడదు, ముఖ్యంగా భార్య మీద. ఈ చివరి నియమం సరిగ్గా వినపడలేదని స్వరాజ్యం మళ్లీ చెప్పించుకుంది.

మర్నాటి నుంచి శ్యాంసుందర్‌కు చప్పటి రొట్టె, చప్పటి పెరుగు, చప్పటి పప్పు. అది చాలదన్నట్టు హంసాబెన్ పక్కింటి నుంచి పాలలో నానేసిన అటుకులు పంపేది. పచ్చడి డబ్బా వైపు చెయ్యి పోతే చాలు, బాల్కనీలోంచి ‘జై గౌరీమా’ అని ఎవరో ఒకరు పలకరించేవాళ్లు. రెండో రోజు అతను, “ఏమే, అసలు నిన్నూ...” అని మొదలుపెట్టాడు.

“చిన్నగ, చిన్నగ,” అంది స్వరాజ్యం కంచం అతని చేతికిస్తూ. “అమ్మవారు వింటది. గీ గిన్నెలు కూడ జర కడుగు. గోడ మీదికెల్లి హంసాబెన్ చూస్తున్నది.”

కడిగాడు. ఆ ఫొటో కూడా గ్రూపులోకి వెళ్లింది.

దాంతో వ్రతం ఇంటింటికీ అంటుకుంది. కింది అంతస్తులో వజ్రాలు సానపట్టే ప్రకాశ్‌భాయ్ గిన్నె పట్టుకుని వచ్చాడు. “వ్రతం పడితే తప్ప చాయ్ ఇవ్వనంటోంది మా ఆవిడ. బజారంతా మూసే ఉంది, జవారా ఎక్కడ తెచ్చేది? అంటించింది నువ్వే కాబట్టి నీదే ఒకటి ఇవ్వు,” అన్నాడు. శ్యాంసుందర్ ఒక ట్రే ఇచ్చాడు. తర్వాత పై అంతస్తు వాళ్లు వచ్చారు. ఆ తర్వాత ఎవరెవరో మాస్కుల్లో వచ్చి తీసుకుపోయారు, ముఖాలు కూడా తెలియలేదు. ఆఖరున మన్‌సుఖ్‌భాయ్ తన భార్య వెనకాల తలవంచుకుని వచ్చాడు. ఉన్నవాటిలో ఎత్తుగా పెరిగిన గడ్డిని హంసాబెన్ ఎంచి మరీ ఆయన చేతుల్లో పెట్టింది. శ్యాంసుందర్‌కు ఒక్క ట్రే మిగిలింది.

మూడో రోజు సాయంత్రం పార్కింగులో మగవాళ్లంతా దూరదూరంగా నిలబడి అతని కోసం ఎదురుచూస్తున్నారు. ఉప్పు లేక అందరి ముఖాలూ వాడిపోయి ఉన్నాయి.

“మీ రాష్ట్రంలో ఇలాంటివి ఇంకేమైనా ఉన్నాయా?” అన్నాడు ప్రకాశ్‌భాయ్. “ఉంటే ఇప్పుడే చెప్పు.”

“లేవు భాయ్, కసమ్,” అన్నాడు శ్యాంసుందర్.

“నువ్వు గిన్నెలు కడగడం ఎందుకు? వ్రతంలో అది లేదుగా?” అన్నాడు ఇంకొకతను. అతని చేతివేళ్లు సబ్బు నీళ్లకు నానిపోయి ఉన్నాయి.

నాలుగో రోజుకు ఆ ఫొటోలు జోల్వా దాకా పోయాయి. కార్ఖానా సేఠ్ ఫోను చేశాడు. “మాస్టర్, నా మీద నీకేమైనా పగ ఉందా?”

“అయ్యో సేఠ్, మీ ఉప్పు తిని బతుకుతున్నవాణ్ని. మీకు చెడు చేస్తనా?”

“ఉప్పెక్కడుంది మా ఇంట్లో! ఆ సంగతి అడగడానికే ఫోను చేశాను!” అని సేఠ్ పెట్టేశాడు.

అయిదు రోజులు ఎలాగో గడిచాయి. ఆ మర్నాడు పొద్దున గడ్డి నిమజ్జనం. తాపీ నది ఒడ్డుకు జనం పోకూడదని పోలీసులు ఆపడంతో పార్కింగులో ఒక నీలం డ్రమ్ము పెట్టి, దానికి బంతిపూలు కట్టారు. స్వరాజ్యం పట్టుచీర కట్టుకుని, హారతిని తీసుకుని ముందే కిందికి వెళ్లింది. భవనంలోని ఆడవాళ్లు ఆమెకు మధ్యలో కుర్చీ వేశారు. పాతికేళ్ల సూరత్ కాపురంలో ఆమెకు ఎవరైనా కుర్చీ వేయడం అదే మొదటిసారి.

పైన శ్యాంసుందర్ తన ఒక్క ట్రే ముందు నిలబడ్డాడు. ఉప్పు లేక కళ్లు తిరుగుతున్నాయి. తను ఏ గడ్డి కోసం ఇన్ని పాట్లు పడ్డాడో అది ఇంకాసేపట్లో డ్రమ్ములో పడిపోతుంది. ఒక్క గ్లాసు తాగితే ఎవరికి తెలుస్తుంది? దాచిన కత్తెర తీశాడు. గడ్డి కోశాడు. మిక్సీలో వేశాడు. ఆ మిక్సీ పాతది. తిరిగితే మగ్గం ఆడినట్టు భవనమంతా వినపడుతుంది. ఆ సంగతి అతనికి అప్పుడు గుర్తులేదు.

సగం గ్లాసు తాగాడో లేదో తలుపు తెరుచుకుంది. ట్రేను మేళతాళాలతో దింపడానికి మన్‌సుఖ్‌భాయ్ గంట పట్టుకుని వచ్చాడు. వెనక హంసాబెన్, ఆమె వెనక మెట్ల నిండా జనం. ట్రేలో మొదళ్లు ఉన్నాయి. బల్ల మీద కత్తెర ఉంది. శ్యాంసుందర్ మీసాలు పచ్చగా ఉన్నాయి.

మన్‌సుఖ్‌భాయ్ చేతిలో గంట దానంతటదే ఒకసారి మోగింది.

“అమ్మవారిని... మిక్సీలో వేశావా?” అన్నాడు.

శ్యాంసుందర్ నోరు తెరిచాడు. నాలుక కూడా పచ్చగానే ఉంది. “పాపం!” అన్నారు మెట్ల మీద ఎవరో. “గుడ్లు తినేవాళ్ల మిక్సీలోనా?” అన్నారు ఇంకెవరో. ఆ గొడవకు స్వరాజ్యం కింది నుంచి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. భర్త మీసాలు చూసింది, చైర్మన్ ముఖం చూసింది. సామాన్లు రోడ్డు మీద పెట్టుకుని కూతురితో నిలబడ్డ దృశ్యం ఆమె కళ్ల ముందు మెదిలింది. పట్టుచీర కొంగు నడుంలో దోపి, తనకు వచ్చిన హిందీ అంతా కూడగట్టుకుంది.

“మా దిక్కు గిట్లనే చేస్తం,” అంది. “అయిదు దినాలు ఇంట్ల ఉన్న తల్లిని నీళ్లల్ల పారేసుడేంది? కడుపుల పెట్టుకుంటం. గది తీర్థం.”

మన్‌సుఖ్‌భాయ్ ఎటూ తేల్చుకోలేక భార్య వైపు చూశాడు. హంసాబెన్ చెప్పులు విడిచి లోపలికి వచ్చి, కుడి అరచెయ్యి చాపింది. “నిజమే కదా. నాకూ పొయ్యి, స్వరాజ్యం,” అంది.

మిగిలిన సగం గ్లాసూ చెంచాలతో అయిపోయింది. మెట్ల మీదివాళ్లు ఇళ్లకు పరిగెత్తి తమ తమ ట్రేలు పట్టుకొచ్చారు. మిక్సీ వేడెక్కి ఆగిపోతూ, చల్లారాక మళ్లీ తిరుగుతూ మధ్యాహ్నం దాకా పనిచేసింది. వ్రతం పట్టినవాళ్లే ముందు తాగాలని ఆడవాళ్లు తీర్మానించారు. ప్రకాశ్‌భాయ్ కళ్లు మూసుకుని తాగి, కళ్లు తెరవకుండానే ఇంటికి వెళ్లాడు. మన్‌సుఖ్‌భాయ్ నిండు గ్లాసు తాగి, చాలాసేపు గోడ పట్టుకుని నిలబడి, “శ్యాంభాయ్, ఇల్లు ఖాళీ చేయమన్న మాట మరిచిపో,” అన్నాడు. శ్యాంసుందర్‌కు మళ్లీ గ్లాసు అందనే లేదు. కోసిందీ అతనే, తిప్పిందీ అతనే, పిండిందీ అతనే.

మధ్యాహ్నం అందరూ వెళ్లాక స్వరాజ్యం బాల్కనీలో ఖాళీ ట్రేలు కడుగుతుంటే హంసాబెన్ గోడ దగ్గరికి వచ్చింది.

“ఈసారి ఇంకో రెండు రోజులు ముందే కోయమను. ముదిరితే చేదెక్కుతుంది,” అంది. “ఆల్థాన్‌లో ఉండే మా అక్క రోజూ తాగుతుంది.”

స్వరాజ్యం చేతిలోని ట్రే జారింది. “అంటే మీకు ముందే...?”

“గుజరాత్‌లో పుట్టి జవారా రసం తెలియదా నాకు? కత్తెర పట్టుకుని ఎవరైనా పూజ చేస్తారా?”

“మరి గంత లొల్లి ఎందుకు చేసిన్రు బెన్?”

హంసాబెన్ వెనక్కి తిరిగి తమ గదిలోకి ఒకసారి చూసి గొంతు తగ్గించింది. “మా ఆయనకు బీపీ. ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పి చెప్పి విసిగిపోయాడు. నా మాట వింటాడా? పక్కింటి మగాడు మానేశాడంటే మానేశాడు. పొద్దున చూపిస్తే బాగా తగ్గింది. ఇంకో మాట. ఈ వ్రతం ఒకసారి పడితే అయిదేళ్లు చేయాలి. మీ ఆయనకు చెప్పు. అయిదేళ్లూ మీరు ఈ ఇంట్లోనే ఉంటారు, అది నేను చూసుకుంటాను.”

స్వరాజ్యం లోపలికి వచ్చింది. శ్యాంసుందర్ ఆవకాయ అన్నం కలుపుకుని, ఆపకుండా తింటూ, “ఏమన్నదే ఆమె?” అని అడిగాడు.

స్వరాజ్యం ఆ సంగతులేవీ చెప్పలేదు. వ్రతం విడిచాక కూడా ఏడాది దాకా గొంతు పెంచకూడదట అని మాత్రం చెప్పింది.