దొంగ ఫోన్ల మీద చిరంబో గారి యుద్ధం

ఇకమీదట లిలోంగ్వే నగరంలో ఒక్క దొంగ ఫోనూ మోగదని కౌన్సిలర్ వాటిపాసో చిరంబో గారు సభలో ప్రకటించారు. ప్రకటన మధ్యలో ఆయన జేబులోనే ఫోను మోగి, ఎత్తగానే మీకు లాటరీలో కారు తగిలిందని చెప్పింది. దాంతో సభకు ఉదాహరణ కూడా దొరికింది.

జనం విసిగిపోయిన మాట నిజం. "పొరపాటున మీకు డబ్బు పంపాం, తిరిగి పంపండి" అనే ఫోన్లతో సంతలో టమాటాలమ్మే ఆడవాళ్లకు కూడా బేరం సాగడం లేదు. చిరంబో గారి దిగులు మాత్రం వేరు. గుమ్మడికాయ గుర్తు పార్టీ ఈ వారమే పార్లమెంటు టికెట్లు ఇస్తోంది. పాపం, ఆయనకు తిండి సయించడం లేదు. ఈ యుద్ధంతోనైనా పెద్దల కంట్లో పడాలని ఆశ.

ఆయన కనిపెట్టిన ఆయుధం మూడు ప్రశ్నలు. మీ ఊరేది, మీ ఊరిని ఏలే చీఫ్ ఎవరు, మీ మేనమామ పేరేంటి? దొంగవెధవ తన పేరు మార్చుకోగలడు గానీ మేనమామను మార్చుకోలేడు కదా.

మంగళవారం రేడియోలో ఈ సంగతి లైవ్‌గా వివరిస్తుండగా ఫోను మోగింది. తెలియని నంబరు. ఆయన ఉత్సాహంగా స్పీకరు పెట్టారు.

"చిరంబో, నేనయ్యా, పార్టీ సెక్రటరీని. ఇది కొత్త నంబరు. టికెట్టు నీదే. సాయంత్రంలోగా ఈ నంబరుకు ఇరవై లక్షల క్వాచాలు పంపు."

చిరంబో గారు చిరునవ్వుతో ఊరడిగారు. అవతలి మనిషి చెప్పాడు. చీఫ్ పేరు చెప్పాడు. మేనమామ పేరే కాదు, ఆయన చనిపోయిన ఏడాది కూడా చెప్పాడు. అన్నీ సెక్రటరీ గారివే. దొంగలు ఇంత చదువుకుని వస్తున్నారా అని కౌన్సిలర్ గారు ముక్కున వేలేసుకున్నారు.

"నా దగ్గర నీ పప్పులుడకవు నాయనా. మా సెక్రటరీ గారు టికెట్లమ్ముకునే మనిషి కాదు."

అలా ఉతికి ఆరేసి, శ్రోతలు జాగ్రత్తపడాలని ఆ నంబరు రెండుసార్లు చదివి వినిపించారు. పార్టీ పరువు నిలబెట్టినందుకు మెచ్చుకుంటూ ఫోను వస్తుందని మూడు రోజులు ఎదురుచూశారు. రాలేదు.

శుక్రవారం పేర్లు వచ్చాయి. టికెట్టు పిండిమర యజమాని గాస్టెన్ ఎంతాంబలికాకు దక్కింది. ఏనాడూ పార్టీ జెండా మోసిన మనిషి కాదు. చిరంబో గారు జాబితాలో తన పేరు మళ్లీ మళ్లీ వెతికారు. అయినా మర్యాద మర్యాదే గనుక అభినందించడానికి వెళ్లారు.

గాస్టెన్ ఎదురొచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అంతా మీ చలవే అన్నా. నంబరు రెండోసారి కూడా చదివారు కాబట్టి సరిపోయింది. మొదటిసారి నా పెన్ను రాయలేదు."