గంపకెక్కిన ప్రసంగం

యుద్ధం ఎక్కడో బర్మాలో జరుగుతున్నా, దాని దెబ్బ బేతంచెర్ల పక్క పల్లెలో చర్చి ఉపదేశి ఆనందం ఇంటి కాగితాల మీద పడింది. తెల్లకాగితం కంటికి కనబడడమే మానేసింది. ఆనందం మొదటినుంచీ పొదుపరి. వచ్చిన కవరును విప్పి, తిరగేసి అతికించి, మళ్ళీ పంపేవాడు. ఆయన భార్య జీవమ్మ ఇంకో ఆకు ఎక్కువే చదివింది. రాయడానికి చోటు మిగలని కాగితాలను నానబెట్టి, మెంతులు కలిపి రోట్లో దంచి, ఆ గుజ్జును పాత గంపలకు పూసేది. ఇద్దరి పొదుపూ అంతవరకు ఒకదానికొకటి అడ్డు రాలేదు.

అది శనివారం. మరునాడు చర్చిలో పంట గింజలు కానుకగా ఇచ్చే కోతల పండుగ. డోన్ నుంచి పాస్టరు అయ్యగారు వస్తున్నారు. ఆనందం ప్రసంగం నచ్చితే ఉద్యోగం ఖాయం చేస్తారు. నచ్చకపోతే ఇంకో ఉపదేశి వస్తాడు, వీళ్ళు ఇల్లు ఖాళీ చేయాలి. చేతిలో కాగితం లేకుండా జనం ముందు నిలబడితే ఆనందానికి తన పేరు కూడా గుర్తుకు రాదు. అందుకే బనగానపల్లె మామిడి వ్యాపారి పంచిన ప్రకటనల వెనక ప్రసంగమంతా రాసి గూట్లో పెట్టుకున్నాడు. పొద్దున్నే కానుకల గంప సిద్ధం చేయమని భార్యకు చెప్పి, పండుగకు జనాన్ని పిలవడానికి పోయాడు. తిరిగొచ్చేసరికి గూడు ఖాళీ.

"జీవమ్మా, గూట్లో కాయితాలు యాడ?"

"రోట్లో ఏసి దంచినా."

"అది రేపటి ప్రసంగమే!"

"నాకేం తెలుసు? ఒక పక్క మామిడిపండ్ల ధరలుండాయి."

"తిప్పి సూడగూడదా?"

"సూసినా. ఆ పక్క నీ రాత ఉండాది. సరే, రెండు పక్కలా అయిపోయిందిలే అనుకున్యా."

ఆనందం అరుగు మీద కూలబడ్డాడు. మళ్ళీ రాద్దామంటే ఇంట్లో కాగితం లేదు, తలలో ప్రసంగం లేదు. జీవమ్మకు జాలేసింది.

"గుజ్జు సాలక కొన్ని కాయితాలు సింపి లోపల అతికించినా. వాటిని సూసి సెప్పు."

ఆనందం ఎండలో ఆరుతున్న గంపలోకి తొంగి చూశాడు. కొన్ని ముక్కల మీద తన రాత ఉంది, కొన్నింటి మీద మామిడి ప్రకటన. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షం అనుకున్నాడు.

ఆదివారం చర్చి నిండింది. అయ్యగారు ముందు కుర్చీలో కూర్చున్నారు. ఆనందం గంపను రెండు చేతులా పట్టుకుని నిలబడి, లోపలికి చూస్తూ మొదలుపెట్టాడు.

"దేవుడు మనకు పంటనిచ్చియున్నాడు." గంపను కాస్త తిప్పి, కంగారులో కనబడింది చదివేశాడు. "కుళ్ళిన సరుకు ఎంతమాత్రమూ తీసుకోబడదు."

లేవి అనే రైతు ముఖం మాడిపోయింది. తన మూటలో పైన మంచి జొన్నలు, అడుగున పుచ్చినవి ఉన్న సంగతి అంతవరకు దేవుడొక్కడికే తెలుసనుకున్నాడు. మెల్లగా లేచి, మూట చంకన పెట్టుకుని ఇంటికి నడిచాడు. వెనకే ఇంకొందరు లేచారు. ప్రసంగం నచ్చక వెళ్ళిపోతున్నారనుకున్నాడు ఆనందం. అయ్యగారి వైపు చూడకుండా గంపను మళ్ళీ తిప్పాడు.

"మేలైనవి ముందు వచ్చినవారికే దక్కును."

ఆ మాట వినగానే ముందు వరుసలోని విశ్వాసమ్మ గబగబా వచ్చి చేటెడు జొన్నలు గంపలో పోసింది. అక్షరాలు సగం మూసుకుపోయాయి.

"ఉండమ్మా, ఉండు!" అన్నాడు ఆనందం.

"సాలవా అయ్యా?" అని ఆమె ఇంకో చేటెడు పోసింది. ఈలోగా లేవి, మిగతావాళ్ళు మంచి గింజలతో తిరిగొచ్చారు. గంప నిండి పొర్లింది. చదవడానికి ఏమీ మిగలక ఆనందం నోరు తెరిచి, మూసి, కూర్చున్నాడు. అయ్యగారు లేచేసరికి ఆనందం మనసులోనే సామాను సర్దేసుకున్నాడు.

"శానామంది ఉపదేశుల్ని సూసినా," అన్నారు అయ్యగారు. "ఇంత తక్కువ మాట్లాడి ఇంత గంప నింపినోడు యాడా లేడు. నిన్ను ఖాయం చేస్తాండా. ఒక కాయితమియ్యప్పా, ఈడే రాసిచ్చి పోతా. నా సంచిలో ముక్క కూడా లేదు."

ఆనందం కళ్ళు సంతోషంతో చెమర్చాయి. ఆ కళ్ళతోనే జీవమ్మ వైపు చూశాడు.

"ఇంట్లో యాడుంది అయ్యగారూ?" అంది జీవమ్మ. "ఉన్నదంతా గంపకే పూసినా."

దొరికినప్పుడు రాసి పంపుతానని అయ్యగారు రైలెక్కారు. యుద్ధం ముగిసి ఆ ఉత్తర్వు వచ్చేదాకా ఆ ఇంట్లో ఖాయంగా ఉన్నది గంప ఒక్కటే.