దర్జీ గదిలో షాండ్లియర్

"అద్దె మూడు వేలు దాటనివాడు పేదవాడు, వాణ్ణి ప్రభుత్వమే కంటికి రెప్పలా కాపాడును. దాటినవాడు సంపన్నుడు, తన్ను తానే కాపాడుకొనును!" అని చట్టం సెలవిచ్చింది.

దర్జీ అద్దె మూడు వేలకు పది రూపాయలు తక్కువ. ఆ పది రూపాయల సందులోనే భార్యతో, కుట్టుమిషనుతో ఇన్నేళ్లూ నిశ్చింతగా కాపురం చేశాడు.

ఒక ఉదయం ఆ గది అద్దెకిచ్చిన ఇంటాయన నిచ్చెన వేసుకొచ్చి, గది మధ్యలో పెద్ద షాండ్లియర్ బిగించాడు.

"ఇదెందుకు బాబాయ్ గారూ?"

"నీ మీద అభిమానంరా అబ్బాయ్!"

అభిమానం దర్జీ నడుందాకా వేలాడింది. వెలగలేదు. దానికి వైరు లేదు. దర్జీ భార్య కాసేపు చూసి, దాని కొమ్మలకు కుట్టిన చొక్కాలు తగిలించింది.

మర్నాడు ఇంటాయన వెంట అద్దెల అధికారి వచ్చి, చొక్కాలు తప్పించి చూశాడు.

"విలాస సౌకర్యం! అద్దె మీద నెలకు పదకొండు రూపాయలు అదనం. అభినందనలు, ఇకనుంచి మీరు సంపన్నులు!"

"సంపన్నులైతే ఏమవుతుందండీ?"

"చట్టం మీ జోలికి రాదు."

"నేనొస్తాను," అన్నాడు ఇంటాయన. "వచ్చే నెలనుంచి తొమ్మిది వేలు. లేదంటే ఖాళీ!"

"మనం సంపన్నులమయ్యామని మా అన్నయ్యకి కబురు పెట్టనా?" అంది భార్య.

"పెట్టు. సామాను మొయ్యడానికి మనిషి కావాలిగా."

ఖాళీ చేసే రోజు మిషను గుమ్మం దాటుతుండగా అదే అధికారి మళ్లీ ఊడిపడ్డాడు. ఇంటిపన్నుల శాఖకూ ఇన్‌ఛార్జి ఆయనేనట!

"విలాస గృహానికి పన్ను అయిదింతలు!"

ఇంటాయన గుమ్మానికి అడ్డం పడ్డాడు. "గృహమా! ఇది కోళ్లగూడు సార్! వానొస్తే బయటికన్నా లోపలే ముందు కురుస్తుంది!"

"మరి షాండ్లియర్?"

"ఏ షాండ్లియరండీ? అది దర్జీవాడి చొక్కాల కొయ్య! చూడండి, పుట్టాక ఒక్కసారి వెలిగితే ఒట్టు!"

అధికారి మీట కోసం గోడలన్నీ తడిమాడు. లేదు. 'విలాసము లేదు' అని రాసి, ఇంటాయన చేత సంతకం పెట్టించి, ముద్ర గుద్దాడు.

దర్జీ మిషను కింద పెట్టాడు. "అయితే సార్, ఆ పదకొండు రూపాయలు?"

"విలాసమే లేనప్పుడు రుసుమెక్కడిది? రద్దు."

"మరి మేము?"

"మళ్లీ పేదలు. అభినందనలు!"

మిషను వెనక్కి నడిచింది. ఇంటాయన పళ్లు కొరుకుతూ నిచ్చెన ఎక్కాడు. "కనీసం నా షాండ్లియరైనా నన్ను విప్పుకోనివ్వండ్రా!"

వీధిలోకి దిగబోతున్న అధికారి ఠక్కున ఆగాడు. "ఏమన్నారూ?"

ఇంటాయన మెల్లగా నిచ్చెన దిగాడు. కింద పడ్డ చొక్కా తీసి, దులిపి, తన చేత్తోనే మళ్లీ తగిలించాడు.

"కొయ్య గట్టిగా ఉందో లేదో చూస్తున్నానండీ... పాపం, పేదవాడు!"