ఊదారంగు వెలుగులో ఉయ్యాల గది

సాయంత్రానికి కూతురు పసిపాపతో ఆసుపత్రి నుంచి వచ్చేస్తుంది. ఈలోగా ఉయ్యాల గదిలో ఒక్క సూక్ష్మక్రిమి కూడా మిగలకూడదని లిఫ్టు మెకానిక్ పొద్దున్నే కంకణం కట్టుకున్నాడు. అందుకోసం క్రిముల్ని చంపే అతినీలలోహిత ఎల్‌ఈడీ దీపం ఆన్‌లైన్‌లో కారుచౌకగా ముందే తెప్పించి పెట్టుకున్నాడు. కూతురు పనిచేసేది ల్యాబ్‌లోనే అయినా, ఆమెను ఆశ్చర్యపరచాలని మాటమాత్రమైనా చెప్పలేదు.

కిటికీ తెరలు వేసి స్విచ్ నొక్కాడు. గదంతా ఊదారంగు పరుచుకుంది. ఉయ్యాల గుడ్డ మీద, గోడ వారన తెల్లటి మచ్చలు మిలమిల మెరిశాయి.

“ఏమే, ఇలా రా! క్రిములు! కంటికి కనిపిస్తున్నాయి!”

భార్య తొంగిచూసి గుండెల మీద చెయ్యి వేసుకుంది. “అమ్మో, ఇన్నా! నిన్ననే కదండీ తుడిచాను!”

“నువ్వు తుడిచింది దుమ్ము. ఇవి వేరే జాతి.”

ఆవిడకు పౌరుషం పొడుచుకొచ్చింది. బకెట్‌లో సబ్బు పొడి కలిపి గోడలు, నేల, ఉయ్యాల వరసగా రుద్దేసింది. మళ్ళీ దీపం వేశారు. ఈసారి గోడలకు గోడలే మెరుస్తున్నాయి.

“పిల్లల్ని పెట్టాయండీ!”

“కాదే, బెదిరి బయటికొస్తున్నాయి. వదలకు. పొడి ఇంకాస్త వెయ్యి.”

ఇద్దరూ తిండి మాట మరిచి రుద్దారు. రుద్దేకొద్దీ వెలుగు పెరిగింది. చివరికి దీపం వేసేసరికి నేల నుంచి కప్పు దాకా చుక్కలు రాలి అంటుకున్నట్టుంది. భార్య చేతులు మోచేతుల దాకా వెన్నెల పూసుకున్నట్టు మెరిశాయి. ఇన్నేళ్ళ కాపురంలో ఆ చేతుల్ని ఆయన అలా చూసిందే లేదు.

“భయంగా ఉందా?” అన్నాడు మెల్లగా.

“ఉంది. కానీ ఎంత బావుందండీ!”

అంతలో గుమ్మంలో కూతురి కేక. “నాన్నా, ఆపు! కళ్ళు మూసుకోండి!”

పాపను భర్త చేతిలో పెట్టి పరుగున వచ్చింది. స్విచ్ ఆపి, ఇద్దరి కళ్ళూ పరీక్షించింది. “ఎంతసేపు చూశారు?”

“పొద్దున్నుంచీ.”

ఆమె ముఖం పాలిపోయింది. దీపం వెనక, అది ఏ రకం వెలుగో చెప్పే అంకె చదివింది. చదివి, తడి నేల మీదే కూలబడి నవ్వడం మొదలుపెట్టింది.

“ఇది క్రిముల్ని చంపదు నాన్నా. వట్టి ఊదారంగు లైటు. చంపేదాని వెలుగు కంటికి సరిగ్గా కనిపించదు కూడా. అది కళ్ళనీ చర్మాన్నీ కాల్చేస్తుంది. మనుషులకు తగలకుండా మూసిన పెట్టెలో వాడాలి.”

“మరి ఆ మెరుపు?”

“బట్టలు తెల్లగా కనిపించడానికి సబ్బు పొడిలో కలిపే మందు. గుడ్డ ఉతికినా, నేల తుడిచినా అంటుకుపోతుంది. మీరు రుద్దేకొద్దీ అదే మెరిసింది.”

“అంటే మోసపోయానా?”

“అమ్మినవాడు మోసం చేశాడు కాబట్టి మీ కళ్ళు దక్కాయి. చెప్పినట్టు అసలుదే పంపుంటే...” ఆమె తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది. చుట్టూ చూసి అంది: “క్రిములంటారా, ఇంతలా తోమాక ఎక్కడుంటాయి? మా ల్యాబ్ కూడా ఇంత శుభ్రంగా ఉండదు.”

మంచినీళ్ళతో మరోసారి తుడిచి, ఆరాక తెరలు తీశారు. మామూలు వెలుతురులో పాప ఆదమరచి నిద్రపోయింది.

దీపం ఎలా ఉందని అమ్మినవాడు అడిగితే ఆయన ఇలా రాశాడు: “గది అద్దంలా తయారైంది, సబ్బూ, రుద్దడానికి మనుషులూ విడిగా చూసుకోవాలి.”